వేప్‌ని నిషేధించారు సరే, మానాలనుకునేవాడి చేతిలో ఏం పెట్టారు?

ఇది పొడుగాటి పోస్టు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను. ఇంట్లో ఇంటరో ఇంజనీరింగో చదివే పిల్లలున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

ముందే ఒప్పేసుకుంటా. నేను పొగాకు రైతుని. ప్రకాశం జిల్లా. ఒక బ్యారన్, దానికి బోర్డు లైసెన్సు, మా నాన్న కాలం నుంచి ఇదే సేద్యం. "పొగాకు పండించేవాడివి, పొగ గురించి మాకు నీతులా" అని కామెంట్ పెట్టడానికి వేళ్లు ఆడిస్తున్నవాళ్లు కాస్త ఆగండి. ఆ మాటకి కింద జవాబు చెప్తా, తప్పించుకోను.

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటాడు. ఉతకడానికి వాడి బ్యాగులో బట్టలు తీస్తుంటే మా అక్కకి పెన్‌డ్రైవ్ కంటే కొంచెం పెద్ద వస్తువు ఒకటి దొరికింది. ఛార్జింగ్ పెట్టుకునే రంధ్రం కూడా ఉంది. చదువుకి సంబంధించిందేమో, పోతే మళ్లీ కొనాలని జాగర్తగా టీవీ పక్కన పెట్టింది. భోగి రోజు నేను వాళ్లింటికి వెళ్లి అది చేతిలోకి తీసుకుని వాసన చూశా. మామిడిపండు వాసన. మా బావకి చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. వాణ్ని పొలం చూసొద్దాం రమ్మని తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టి అడిగా.

అబద్ధం చెప్తాడనుకున్నా. చెప్పలేదు. "ఏడాదిన్నర అయింది మావయ్యా. మూడుసార్లు మానేశా. నాలుగో రోజుకి మళ్లీ మొదలవుతోంది. నిద్రలో కూడా చేయి దిండు కింద వెతుకుతోంది" అన్నాడు. ఆ చివరి మాట వినగానే నాకు కోపం పోయింది, భయం పట్టుకుంది. ఎందుకంటే నేను 22 ఏళ్లు సిగరెట్ తాగి మానినవాణ్ని. ఆ చేయి నాకు తెలుసు.

"ఎక్కడ దొరుకుతోందిరా, మన దేశంలో అమ్మకూడదు కదా" అని అడిగితే వాడు నన్ను జాలిగా చూశాడు. ఫోన్లో మెసేజ్ పెడితే బండి మీద వచ్చి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చిపోతారట.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 2019 సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుని ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబర్‌కల్లా పార్లమెంటులో చట్టం అయింది. ఎలక్ట్రానిక్ సిగరెట్లు తయారు చేయడం, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల జైలు, 5 లక్షల జరిమానా దాకా వెళ్తుంది. ఊరికే నిల్వ పెట్టుకున్నా ఆరు నెలలు, లేకపోతే 50 వేలు. అంతటితో ఆగలేదు. 2023లో ఎక్కడ అమ్ముతున్నారో జనం ఫిర్యాదు చేయడానికి ఆరోగ్య శాఖ ఒక పోర్టల్ కూడా పెట్టింది.

గట్టి చట్టమే. నేను దానికి వ్యతిరేకిని కాదు. పదహారేళ్ల పిల్లాడి చేతికి మామిడిపండు వాసనతో నికోటిన్ ఇచ్చేవాణ్ని జైల్లో పెట్టాల్సిందే. చిన్నపిల్లలకి పొగాకు ఇస్తే బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ల దాకా శిక్ష ఉందని మీలో ఎంతమందికి తెలుసు? మీ ఊళ్లో ఎవరికైనా పడిందా?

నా గొడవ ఇంకో చోట ఉంది. ఆ చట్టం అమ్మేవాడి గురించి పేజీలకి పేజీలు మాట్లాడింది. అప్పటికే అలవాటు పడినవాడు ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్కరోజులో దుకాణాల్లోంచి వస్తువు మాయం చేశారు. వాడి ఒంట్లో నికోటిన్ కూడా ఆ రోజే మాయం అవుతుందనుకున్నారేమో!

ఇంకో తమాషా చూడండి. మామూలు సిగరెట్ పెట్టె మీద 2018 నుంచి పొగ మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు ముద్రించాలని రూల్ ఉంది, ముద్రిస్తున్నారు. వేప్ నిషేధం కాబట్టి దానికి ఏ రూలూ లేదు. దొంగదారిన వచ్చిన డబ్బా మీద బొమ్మలు, పండ్ల పేర్లు తప్ప ఏమీ ఉండవు. నికోటిన్ ఎంతో రాసినా అది నిజమో కాదో చూసే నాథుడు లేడు. అంటే సిగరెట్ తాగేవాడికి కనీసం ఒక నంబరైనా కంటపడుతుంది, వేప్ లాగేవాడికి అదీ లేదు. ఇంట్లో చెప్పలేడు, కాలేజీలో చెప్తే పంపించేస్తారు, డాక్టరుకి చెప్పాలంటే చట్టం గుర్తొస్తుంది. చట్టం వాణ్ని కాపాడటానికే వచ్చింది, వాడు మాత్రం చట్టానికి భయపడి నోరు మూసుకున్నాడు.

2019లో మేమేం చేశామో కూడా చెప్పాలి. ఆ ఆర్డినెన్సు వార్త వచ్చినప్పుడు మా రైతులం చాలామందిమి సంతోషించాం. నేనూ సంతోషించా. పిల్లల ఆరోగ్యం గురించి కాదు. కరెంటు సిగరెట్లు వస్తే మన ఆకు ఎవరు కొంటారని మా భయం. ఆ ద్రవంలో కలిపే నికోటిన్ కూడా చాలామటుకు పొగాకులోంచే తీస్తారని నాకు అప్పట్లో తెలియదు. పోటీదారుడు పోయాడు కదా అని టీ తాగి ఇంటికెళ్లాం. ఇప్పుడు మా అక్క కొడుకు చేయి దిండు కింద వెతుకుతుంటే ఆ టీ గుర్తొస్తోంది.

నికోటిన్ అంటే ఏంటో మాకు ఎవరూ పుస్తకం చదివి చెప్పక్కర్లేదు. తెల్లారగట్ల మంచు మీద ఆకు కొట్టే ఆడవాళ్లని అడగండి. చేతులకి నల్లటి బంక పట్టేస్తుంది, ఎంత రుద్దినా పోదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చేదు. కొత్తగా పనికొచ్చిన పిల్ల అయితే మొదటి రెండు రోజులు కళ్లు తిరిగి వాంతులు చేసుకుంటుంది. ఎండదెబ్బ అని మజ్జిగ తాగించి చెట్టుకింద పడుకోబెడతాం. ఎండదెబ్బ కాదది. తడి ఆకులో నికోటిన్ చర్మంలోంచి రక్తంలోకి వెళ్లడం. డాక్టర్లు దానికి ఒక జబ్బు పేరే పెట్టారు. ఆకు ముట్టుకుంటేనే అంత పని చేసే సరుకుని ఆవిరి చేసి ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే కొన్ని సెకన్లలో మెదడుకి చేరుతుంది. మెదడు దానికి అలవాటు పడుతుంది. ఆపేసిన మొదటి మూడు నాలుగు రోజులు నరకం, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతుంది. మావాడు మూడుసార్లూ నాలుగో రోజే ఓడిపోయాడంటే సరిగ్గా గట్టెక్కబోయే ముందే ఓడిపోయాడన్నమాట. ఆ సంగతి వాడికి ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే?

వాణ్ని పండగ అయ్యాక ఒక పెద్ద సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లా. పేరు వద్దు. రెండు గంటలు లైన్లో నిలబడితే డాక్టరు గారు ఒక నిమిషం చూశారు. "మానెయ్ బాబూ, విల్ పవర్ ఉండాలి. ఇంకేం కావాలి?" అన్నారు. దగ్గు మందు రాశారు. వాడికి దగ్గు లేదు. ఆయన్ని తిట్టను, బయట ఇంకో రెండొందల మంది ఉన్నారు. కానీ బీపీ ఉన్నవాడికి విల్ పవర్ రాసిస్తారా? షుగరు ఉన్నవాడికి "తియ్యగా అవ్వకు బాబూ" అని చెప్పి పంపుతారా?

మా ఊళ్లో జరిగేది ఇంకా విచిత్రం. ఆరోగ్య సర్వేకి ఏఎన్ఎం అమ్మాయి ఇంటింటికీ వస్తుంది. మంచి అమ్మాయి, ఎండలో తిరుగుతుంది. మా పెదనాన్నని అడిగింది, "తాతా, చుట్ట గానీ బీడీ గానీ తాగుతారా?" అని. "తాగుతానమ్మా, అరవై ఏళ్ల నుంచి" అన్నాడు గర్వంగా. ట్యాబ్‌లో టిక్ పెట్టింది. తర్వాతి ప్రశ్న బీపీ. "ఆ టిక్ పెట్టాక ఏం చేస్తారమ్మా" అని నేనడిగా. "అది పైకి వెళ్తుంది సార్" అంది. పైకి వెళ్లింది, మళ్లీ కిందకి ఏమీ రాలేదు. పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానాలనే ఆలోచనలో ఉన్నారని 2016-17లో కేంద్రం చేయించిన సర్వేలోనే తేలింది. పైవాళ్లకి తెలియక కాదు.

ఉన్న సాయం ఏంటో చెప్తా, ఎందుకంటే ఇది మీలో చాలామందికి తెలియదు. 1800-11-2356. డబ్బులు పడవు. ఢిల్లీలో వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థ 2016లో మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని చోట్ల కేంద్రాలు పెట్టారు, దక్షిణాది భాషలవాళ్లకి బెంగళూరు నిమ్‌హాన్స్ నుంచి మాట్లాడతారు. మావాడు మొదటి రెండు సార్లు చేస్తే కలవలేదు. మూడోసారి కలిసింది. అవతలామె తిట్టలేదు, భయపెట్టలేదు. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిసారి లాగుతావు, ఎవరు పక్కన ఉన్నప్పుడు ఎక్కువ, ఏ రోజు నుంచి మానతావు, తేదీ చెప్పు అని అడిగింది. ఆ తేదీకి మళ్లీ వాళ్లే ఫోన్ చేశారు! మళ్లీ నాలుగు రోజులకి ఇంకోసారి. వాడికి అది బాగా పట్టింది. "మావయ్యా, ఆవిడ గుర్తు పెట్టుకుని చేసింది" అని నాలుగుసార్లు చెప్పాడు.

రెండోది నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచీలు. ఇవి 2022లో కేంద్రం విడుదల చేసిన అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కాయి. పారాసిటమాల్ ఉన్న జాబితాలోకే. మరి మీ పీహెచ్‌సీకి వెళ్లి అడగండి. మా దగ్గర ఫార్మసిస్టు "గమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. బయట మెడికల్ షాపులో కొన్నాం. రోజుకి ఎనిమిదో పదో నమలాలి, వారాల తరబడి. డబ్బు లెక్క వేస్తే సిగరెట్లకయ్యే దానికి మరీ తక్కువేం కాదు. కూలి చేసుకునేవాడు ఎలా కొంటాడు?

దాన్ని నమిలే పద్ధతి కూడా షాపులో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమలకూడదు. మెల్లగా నాలుగు నములులు నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. ముందు పావుగంట టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు, తాగితే పని చేయదు. మావాడు మొదటిరోజు టీ తాగుతూ గబగబా నమిలి ఎక్కిళ్లు తెచ్చుకుని, ఇది మోసం అని పారేశాడు. ఇలా పారేసినవాళ్లు ఎంతమందో! గుండె జబ్బున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఇక జవాబులు.

కొందరు చదువుకున్న మిత్రులు "నిషేధమే తప్పు, ఇంగ్లండులో చూడు, సర్కారే వేప్‌లు పంచుతోంది" అంటారు. నిజమే, అక్కడ 2023లో పది లక్షల మంది సిగరెట్ తాగేవాళ్లకి వేప్ కిట్లు ఇచ్చి సిగరెట్ మాన్పిస్తామని పథకం ప్రకటించారు. అది పెద్దవాళ్లకి, అప్పటికే సిగరెట్ తాగేవాళ్లకి. పక్కన సలహా చెప్పే మనిషి కూడా ఉంటాడు. అదే దేశం పిల్లలు ఎగబడుతున్నారని 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌లని నిషేధించింది. ఆస్ట్రేలియా 2024 జులై నుంచి మందుల షాపుల్లో తప్ప ఎక్కడా అమ్మకూడదంది. మెల్‌బోర్న్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు చెప్తుంది, అక్కడా దొంగ సరుకు ఉందట. సిగరెట్ జన్మలో ముట్టని మా అక్క కొడుకుకి ఇంగ్లండు లెక్క పనికిరాదు. వాడు సిగరెట్ మానడానికి వేప్ పట్టలేదు, నేరుగా వేప్ పట్టాడు. మనం అక్కణ్నుంచి తెచ్చుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఆ పక్కన కూర్చునే మనిషిని తెచ్చుకోవాలి, డబ్బాని కాదు.

రెండో రకం "మా తాత చుట్ట తాగి తొంభై ఏళ్లు బతికాడు" బ్యాచ్. వాళ్లతో వాదించను. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే ముసలమ్మల అంగిళ్లు ఎలా అవుతాయో దశాబ్దాల నుంచి డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. వెళ్లి చూడండి.

మూడో మాట నా మీదకే వచ్చేది. నువ్వు పండిస్తున్నావు కదా? అవును, పండిస్తున్నా. శనగ వేసి చూశా, ధర లేక కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టా. మిర్చి వేసిన ఏడు తామర పురుగు తినేసింది. పొగాకుకి వేలం కేంద్రం ఉంది, బ్యాంకు లోను ఉంది, బ్యారన్ మీద లక్షలు పెట్టి ఉన్నా. అయినా బేళ్లు తీసుకెళ్తే నో బిడ్ అని వెనక్కి పంపిన రోజులున్నాయి. 2025లో నల్లబర్లీ వేసినవాళ్ల గతి చూశారు కదా, కంపెనీలు వేయమని చెప్పి కొనకుండా మొహం చాటేస్తే చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ని దించి కొనిపించాల్సి వచ్చింది. ఆ ఆకు మీద వచ్చే పన్ను కేంద్రానికి కావాలి. సిగరెట్ కంపెనీల్లోకెల్లా పెద్దదైన ఐటీసీలో ప్రభుత్వ రంగ ఎల్ఐసీకి పెద్ద వాటా ఉంది. రాజమండ్రిలో 1947 నుంచి ఉన్న పొగాకు పరిశోధన కేంద్రానికి ఈమధ్య వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థ అని పేరు మార్చారు. బోర్డు మీద పేరు మార్చినంత తేలిగ్గా నా పొలంలో పంట మారదు.

తాగేవాడికి చెప్పినట్టే మాకూ చెప్తున్నారు, "మానెయ్యండి" అని. ఎలా మానాలో చెప్పరు. ఈ విషయంలో మా అక్క కొడుకూ నేనూ ఒకే లైన్లో నిలబడ్డాం. అందుకే నాకు మాట్లాడే హక్కు ఉందంటున్నా. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే వచ్చి ఈ పంట బదులు నేను ఏం వేయాలో, దాన్ని ఎవరు కొంటారో కాగితం మీద రాసివ్వండి, వచ్చే ఆగస్టులో పొగనారు పోయను.

అడిగేది పెద్ద కోరికలేం కాదు. సర్కారు కొత్తగా చట్టం చేయక్కర్లేదు. ఏఎన్ఎం ట్యాబ్‌లో టిక్ పడిన ప్రతి మనిషికీ వారంలోపు ఒక ఫోన్ రావాలి. అత్యవసర మందుల జాబితాలో ఉన్న గమ్, ప్యాచీ పీహెచ్‌సీ బీరువాలో ఉండాలి, ఉచితంగా ఇవ్వాలి. సిగరెట్ మీద వసూలు చేసే పన్నులో చిటికెడు చాలు దానికి. కాలేజీల్లో వేప్‌తో దొరికిన పిల్లాణ్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపే బదులు ఆ రోజే కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టాలి. అమ్మినవాడి పేరు చెప్తే పిల్లాడి మీద కేసు ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి, అప్పుడు చూడండి హాస్టల్ గేటు దగ్గరికి బండ్లు ఎలా వస్తాయో. ఆకు కొట్టే ఆడవాళ్లకి చేతి తొడుగులు బోర్డే ఇవ్వాలి. ఈ ఏడు నేనే నా డబ్బులతో కొన్నా. "వీటితో పని సాగదు అన్నా" అని సగం మంది తీసేశారు, అది వేరే కథ, ఇంకోసారి రాస్తా.

తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లాడి దగ్గర అది దొరికితే కొట్టకండి. నేను మా బావకి చెప్పకపోవడం తప్పని కొందరంటారు. చెప్పుంటే ఆ రాత్రే వాడి వీపు పగిలేది, మర్నాడు వాడు హైదరాబాదు బస్సెక్కేవాడు, తర్వాత ఇంకెప్పుడూ ఎవరికీ నిజం చెప్పేవాడు కాదు. ఈ పోస్టు పెట్టేముందు వాడికి చదివి వినిపించా. "నా పేరు వేయకు మావయ్యా, మిగతాదంతా పెట్టు" అన్నాడు. మొదటిసారి పెట్టుకున్న తేదీ తప్పింది, పరీక్షల ముందురోజు ఎవరో ఇస్తే లాగాడు. వాడే ఫోన్ చేసి చెప్పాడు. రెండో తేదీ పెట్టుకున్నాడు. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఇప్పుడు రోజుకి నాలుగు గమ్ములు నములుతున్నాడు. మా ఆవిడ వేయించిన పల్లీలు డబ్బాలో పోసి నిన్న బస్సుకి వేసింది, చేయి ఊరుకోనప్పుడు నోట్లో వేసుకోమని.

రేపు సోమవారం. గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి అర్జీ రాసి పెట్టా, పీహెచ్‌సీలో గమ్ గురించి, ఏఎన్ఎం టిక్ గురించి. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా సంతకం పెడతామంటే పొద్దున తొమ్మిదిలోపు బస్టాండు దగ్గర టీ కొట్టుకి రండి. తాగేవాళ్లు కూడా రావచ్చు.